గుండుసూది సుంకం

కెజీయా టాపిన్‌ను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. కన్నతల్లి వల్ల కాలేదు, కట్టుకున్నవాడి వల్ల కాలేదు, ప్రతి ఆదివారం తీరిగ్గా ప్రసంగించే పాదిరిగారి వల్ల అసలే కాలేదు. ఆయన పైలోకం గురించి చెబుతుంటే ఈమె బల్ల కింద కాళ్లాడిస్తూ, చర్చి కిటికీలోంచి మబ్బు ఎటు పోతోందో చూసేది. ఆష్‌మెల్ పెద్దింటి దుప్పట్లు, బల్లగుడ్డలు, దొరసాని లోపావడాలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపడం ఆమె పని. ఆ పని చేసే మనిషికి పైలోకం కంటే పైనున్న మబ్బే ముఖ్యం. ఈ విషయంలో ఆమెను తప్పుపట్టిన వాళ్లలో ఒక్కరు కూడా ఎన్నడూ దుప్పటి ఉతికి ఎరగరు.

"కాలుగాలిన పిల్లి" అనేవాడు మొగుడు రూబెన్. పెళ్లయిన కొత్తలో ముద్దుగా అన్నాడు, తర్వాత విసుగ్గా అన్నాడు, చివరికి అదే ఆమె పేరైపోయింది. "ఏమే పిల్లీ, ఆ రొట్టేదో కూర్చుని తినవే" అంటే, "నిలబడి తింటే కడుపులోకి పోదా ఏంటి?" అని ఆమె రొట్టె కొరుకుతూనే వాకిట్లోకి నడిచేది.

ఆ రోజుల్లో ఆష్‌మెల్ అంతా కలిపి ఒకే వీధి. కింద వాగు దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ పైకెక్కి, చర్చి ముంగిట ఆగేది. చర్చి పక్కనే దొర ఉండే పెద్దిల్లు. కెజీయా ఇల్లు వీధి అడుగున, నీళ్లకు దగ్గరగా ఉండేది. ఇద్దరు పిల్లలు పుట్టారు, హానా, లూక్. ఒకే చలికాలంలో మశూచి ఇద్దర్నీ తీసుకుపోయింది. ఆ వీధి వెంటే రెండు చిన్న శవపెట్టెలు పైకి, చర్చి ఆవరణలోకి వెళ్లాయి. అప్పటినుంచి ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. మధ్యాహ్నం బట్టలు ఆరేసి, అవి ఆరేలోగా వీధి ఎక్కి వెళ్లి, పిల్లల సమాధుల మీద మొలిచిన కలుపు పీకి వచ్చేది. ఏడ్చేది కాదు, కూర్చునేది కాదు, ఎవరితో మాట్లాడేది కాదు. ఆ నడక ఒక్కటీ ఉంటే మిగతా రోజంతా ఎలాగో గడిచిపోయేది. లేకపోతే గడిచేది కాదు.

అమెరికా యుద్ధంలో ఓడి సిపాయిలు ఇళ్లకు తిరిగొచ్చిన ఏడాది, పెద్దదొర సర్ ఆంబ్రోస్‌కు తన కిటికీ మీద కోపం వచ్చింది. భోజనాల గదిలోంచి చూస్తే ఊరి పొగ, పందుల దొడ్లు, తీగల మీద దుప్పట్లు కనబడుతున్నాయట. ఆ దుప్పట్లు ఆయనవే. అయినా కిటికీ జరపడం కంటే ఊరిని జరపడం తేలికనుకున్నాడు, నిజంగానే తేలికైంది. ఇళ్లన్నీ ఆయనవి, జనమంతా అద్దెకున్నవాళ్లు. వీధిని నేలమట్టం చేసి, గడ్డి విత్తనం చల్లి, పార్కు అని పేరుపెట్టి గొర్రెల్ని తోలారు. జనాన్ని పార్కు అవతల బండ్ల బాట పక్కన కట్టిన కొత్త ఇళ్లలోకి తరలించారు. చర్చిని మాత్రం ముట్టుకోలేదు. భక్తి అనుకునేరు. గోపురం చెట్ల మధ్య చూడముచ్చటగా ఉందని ఉంచాడు. సమాధులు కూడా దానితోపాటే ఉండిపోయాయి, చచ్చినవాళ్లు పొయ్యి రాజేయరు కాబట్టి.

కొత్త ఆష్‌మెల్‌లో ఇళ్లన్నీ ఒకే అచ్చు. అదే తలుపు, అదే కిటికీ, అదే సున్నం. రూబెన్ తమ్ముడు సైలస్ ఒక సాయంత్రం బీరు తాగొచ్చి, కెజీయా పక్కింట్లో ఉండే ప్రూ వంటగదిలో దర్జాగా బూట్లు విప్పి, తిండేదని అడిగి, గరిటెతో దెబ్బలు తిన్నాడు.

"నా తప్పేముంది ప్రూ అక్కా? దొర నీకూ నాకూ ఒకటే తలుపు పెట్టించాడు," అన్నాడు నెత్తి రుద్దుకుంటూ.

"తలుపులొకటే గానీ మొహాలు వేరురా సన్నాసీ. ఈసారి ముందు మొహం చూసి, తర్వాత బూట్లు విప్పు."

అందరూ నవ్వుకున్నారు, మెల్లమెల్లగా సర్దుకున్నారు. కెజీయా సర్దుకోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పార్కు కంచె దాటి, గొర్రెల మధ్య నుంచి పాత వీధి పట్టుకునేది. వీధి పోయినా దాని పల్లం పోలేదు. మనుషులూ బండ్లూ తొక్కి తొక్కి అరగదీసిన నేల, గడ్డి కింద పొడుగాటి దొన్నెలా మిగిలింది. అటూ ఇటూ ఇళ్లున్న చోట చిన్నచిన్న దిబ్బలు. ఆ పల్లంలో నడిచేటప్పుడు ఆమె ఒకచోట పక్కకు తప్పుకుని వెళ్లేది. అక్కడ ఒకప్పుడు కమ్మరివాళ్ల పెంటకుప్ప ఉండేది. కుప్పా లేదు, కమ్మరీ లేడు, ఆమె పావడా మాత్రం ఇంకా ఎత్తిపట్టుకునే నడిచేది. నవ్వడానికేం లేదు, ఆ ఊరివాళ్లంతా అలాగే నడిచేవాళ్లు.

ఇంతలో గొర్రెలు పెద్దింటి పచ్చికలోకి రాకుండా ఏదో ఒకటి కట్టాలన్నారు. కంచె కడితే కిటికీలోంచి అసహ్యంగా కనబడుతుంది. అందుకని పచ్చికకూ పార్కుకూ మధ్య పొడుగాటి కందకం తవ్వించి, ఇంటివైపు అంచుకు రాతిగోడ కట్టించారు. ఇంటి నుంచి చూస్తే పచ్చిక కొండదాకా ఏకంగా సాగిపోయినట్టుంటుంది, మీదకొచ్చేదాకా గొయ్యి ఉందనే తెలియదు. బయటి నుంచి వస్తే ఎదురుగా నిలువెత్తు గోడ. దొరలు దీన్ని హాహా అంటారు, హఠాత్తుగా ఎదురైనప్పుడు నోట్లోంచి వచ్చే మాట అదేనట. తవ్వినవాళ్ల నోట్లోంచి వచ్చిన మాటలు వేరు, అవి రాయడం బాగుండదు.

తవ్వినవాళ్లలో రూబెన్ ఒకడు. మట్టిపనిలో అతనికి పెట్టింది పేరు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి రెండు చలికాలాలు తవ్వాడు. ఆ కందకమంటే అతనికి గర్వం. అంత పొడుగునా గోడ ఎక్కడా ఉబ్బలేదని చెప్పుకునేవాడు.

"మన దారికి అడ్డంగా గొయ్యి తవ్వి, పైగా మీసం దువ్వుకుంటున్నావు," అనేది కెజీయా.

"దారి ఎక్కడ పోయిందే? పాత వీధి వచ్చే చోట గొయ్యి మీద చెక్క వంతెన వేశాం కదా, దానికో గేటు కూడా పెట్టాం. గేటు తోసుకుని పో."

"ఇవాళ గేటు పెట్టినవాళ్లు రేపు తాళం పెట్టరా?"

"నీకు నిద్రలో కూడా అనుమానమేనే," అన్నాడు రూబెన్. అతనికి దొర మాట మీద నమ్మకం. ఆ కందకంలోనే అతనికి దగ్గు పట్టుకుంది, ఎన్నటికీ వదల్లేదు.

పెద్దదొర పోయి కొడుకు సర్ గైల్స్ వచ్చాడు. తోటలు దిద్దే పెర్‌ఫిట్ అనే పెద్దమనిషిని బోలెడు ఖర్చుపెట్టి పిలిపించాడు. పెర్‌ఫిట్ మేడమీద నిలబడి చాలాసేపు చూశాడు. దృశ్యంలో ఒకరిద్దరు మనుషులుంటే అందమేనని, మూల నిలబెట్టడానికి ఒక ముసలి గొర్రెలకాపరి అయితే మరీ శ్రేష్ఠమని, ఊరుఊరంతా పచ్చిక మధ్య నుంచి నడిచిపోతే మాత్రం అది సంతలా ఉంటుందని సెలవిచ్చాడు. మరుసటి ఆదివారం ప్రార్థన ముగిశాక, దివాను లెవెట్ చర్చి గుమ్మంలో నిలబడి సంగతి చెప్పాడు. ఇకమీద అందరూ కొండ వెనక బాట చుట్టి రావాలి. వంతెన మీది గేటుకు తాళం పడుతుంది.

లెవెట్ పరాయివాడు కాదు. ఆష్‌మెల్ పిండిమర ఆసామి కొడుకు, పాత వీధిలో ముక్కు కార్చుకుంటూ తిరిగినవాడు. ఇప్పుడు నల్లకోటు వేసుకుని పెద్దింటి వ్యవహారాలన్నీ చూస్తున్నాడు. కెజీయా అక్కడే నిలదీసింది.

"కొండ చుట్టి వస్తే నాకు సగం రోజు పోతుంది. నా పిల్లల దగ్గరికి ఎప్పుడెళ్లాలి?"

"ఆదివారం వస్తావుగా కెజీయా. అప్పుడు చూసుకో."

"కలుపు ఆదివారమే మొలుస్తుందా?"

"పెద్దింటి బట్టలు ఉతుకుతున్నావు. కొంచెం చూసి మాట్లాడు."

"చూస్తూనే ఉన్నానయ్యా. మీ అందరి మురికీ చూసేది నేనే కదా."

జనం నవ్వారు, లెవెట్ మొహం ఎర్రబడింది, అంతకు మించి ఏమీ జరగలేదు. సోమవారం తాళం పడింది.

ఆ తర్వాత కెజీయాను భరించడం కష్టమైంది. మధ్యాహ్నం బట్టలు ఆరేశాక ఆమె కాళ్లకు ఎటు పోవాలో తెలిసేది కాదు. ఇంట్లోనే పొయ్యి నుంచి తలుపుకు, తలుపు నుంచి పొయ్యికి తిరిగేది. ఆరని దుప్పట్లు తీసి మళ్లీ ఆరేసేది. పార్కు కంచెదాకా పోయి, తాళం వేలాడుతున్న గేటును దూరం నుంచి చూసి, పళ్లు నూరుకుంటూ వచ్చేది. రాత్రి పక్కమీద కూడా కాళ్లు కదులుతూనే ఉండేవి. రూబెన్ దగ్గుతూ, "నువ్వు నడిచీ నడిచీ నాకు ఆయాసం వస్తోందే," అనేవాడు.

ఆకులు రాలేనాటికి అతను మంచం దిగలేకపోయాడు.

అప్పుడే ఒకరోజు ప్రూ పెరటి గోడ మీదుగా తల పెట్టి, ఏదో నాన్చింది. "కోప్పడనంటే ఒక మాట చెబుతాను కెజీయా."

"చెప్పేదేదో చెప్పు. సబ్బునీళ్లు చల్లారిపోతున్నాయి."

"రూబెన్ బావకు ఏమన్నా అయితే... కాకూడదనుకో... ఆ వంతెన మీదుగా తీసుకెళ్లారంటే, ఇక ఆ దారి మూయడం దొర తరం కూడా కాదు. మా అమ్మమ్మ చెప్పేది."

ప్రూ అమ్మమ్మే కాదు, ఆ చుట్టుపక్కల అందరి అమ్మమ్మలూ చెప్పేవాళ్లు. ఎవరినీ అడగకుండా ఏ నేల మీదుగా శవాన్ని మోసుకెళ్తే ఆ నేల మీద అందరికీ శాశ్వతంగా దారి ఏర్పడుతుందని నమ్మకం. అందుకు విరుగుడు కూడా ఉంది. నేల గలవాడు ఆ శవాన్ని మోసేవాళ్ల దగ్గర సుంకంగా ఏదో ఒకటి, కనీసం ఒక గుండుసూది పుచ్చుకుంటే చాలు. అప్పుడు అది ఆయన దయతో వెళ్లినట్టు లెక్క, హక్కుతో వెళ్లినట్టు కాదు. చట్టంలో ఈ మాట ఎక్కడా లేదు. ఏ న్యాయాధికారీ దీన్ని చెవిన పెట్టడు. కానీ ఆష్‌మెల్‌లో చట్టం చదివిందెవరు? కూలివాడి నుంచి దివాను దాకా అందరూ అమ్మమ్మల ఒళ్లో పెరిగినవాళ్లే.

కెజీయా ప్రూను ఒక తిట్టు తిట్టి లోపలికొచ్చింది. లోపల రూబెన్ కళ్లు మూసుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. అతన్ని చూస్తూనే, ఆ పెట్టె వంతెన దాటడం ఆమె కళ్లముందు కదిలింది. మోసేవాళ్లు ఎవరెవరో కూడా మనసు లెక్కేసేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. పొయ్యి దగ్గరికి పోయింది, వచ్చింది, బార్లీ గంజి కలిపింది, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయింది, మళ్లీ వచ్చింది. ఆలోచన మాత్రం ఎటు తిరిగినా పావడా పట్టుకున్న పిల్లలా వెంటే వచ్చింది.

రూబెన్ వెర్రివాడేం కాదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో మాటలు ఆగవు. రెండుమూడు రోజుల తర్వాత, గంజి తాగిస్తుంటే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పిల్లీ, నన్ను కొండ బాటనే తీసుకెళ్లండి."

"నోరు మూసుకుని గంజి తాగు. ఎక్కడికీ తీసుకెళ్లట్లేదు నిన్ను."

"నా మాట విను. నేను దొర కూలి తిన్నాను. ఆ గోడ నా చేత్తో కట్టాను. నన్ను కర్రగా పట్టుకుని ఆయన్ని కొట్టొద్దు. బతికినన్నాళ్లూ తగాదా లేకుండా బతికాను, పోయేటప్పుడు కూడా నెమ్మదిగా పోనీ."

"నీ పిల్లల దగ్గరికి నేను ఎలా వెళ్లాలో అది కూడా చెప్పు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె మాట ఇవ్వలేదు. వారం తిరక్కుండానే రూబెన్ టాపిన్ పోయాడు.

శవయాత్ర రోజు సన్నగా వాన మొదలైంది. సైలస్, మరో ముగ్గురు పెట్టె ఎత్తారు. బండ్ల బాట దగ్గర సైలస్ కొండవైపు తిరగబోతే, కెజీయా ముందుకొచ్చి పార్కు కంచె చూపించింది.

"ఇటు."

"వదినా, అన్నయ్య నాతో కూడా చెప్పాడు..."

"నీ అన్న సంగతి నాకు చెప్పకు సైలస్. ఇటు నడువు."

వెనక వస్తున్న జనంలో కలకలం పుట్టింది. అందరికీ అర్థమైంది, అందరికీ లోలోపల సంతోషమే. ఆ దారి పోయినందుకు కడుపు మండనివాళ్లు ఊళ్లో లేరు. గడ్డి పల్లం వెంట, కమ్మరివాళ్ల పెంటకుప్ప లేని చోట పక్కకు తప్పుకుంటూ, పెట్టె పైకి సాగింది. పై నుంచి చర్చి గంట మోగుతోంది.

వంతెన మీద, గేటుకు ఇవతలే, లెవెట్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాళంచెవి చేతిలోనే ఉంది. టోపీ తీసి పెట్టెకు తల వంచాడు.

"రూబెన్ మంచివాడు. నేను అడ్డుకోవడానికి రాలేదు," అన్నాడు. "తాళం తీస్తాను, అందరూ వెళ్లండి. ఒక్క గుండుసూది ఇవ్వు కెజీయా."

"ఇవ్వను."

"నీ శాలువాకే నాలుగైదున్నాయి."

"అవి నా శాలువా కోసం ఉన్నాయి."

"గుండుసూదమ్మా. పిల్లలు కూడా నేల మీద పడితే వంగి తీసుకోరు."

"అంత పనికిరానిదైతే ఎందుకు అడుగుతున్నావు లెవెట్? వదిలేయ్."

అతను వదల్లేదు. ఆమె ఇవ్వలేదు. మోసేవాళ్లు ముందు భుజాలు మార్చుకున్నారు, తర్వాత నసిగారు, చివరికి పెట్టెను తడి గడ్డి మీద దించారు. వాన పెద్దదైంది. వెనకనుంచి ఎవరో, "ఇచ్చెయ్యి కెజీయా," అన్నారు. వెంటనే ప్రూ గొంతు, "ఇవ్వకు. ఇస్తే ఇంతే సంగతులు," అంది. జనం రెండుగా చీలి వాదించుకోవడం మొదలుపెట్టారు. తల వెంట్రుక ఇస్తే సూది లెక్కలోకి వస్తుందా అని ఒకడు అడిగితే, శవం తరఫున తమ్ముడిస్తే చెల్లుతుందా అని ఇంకొకడు అడిగాడు. సైలస్ టోపీ తీసి పెట్టె పక్కన నిలబడ్డాడు.

"ఈ వీధినే నా హానా పోయింది, నా లూక్ పోయాడు," అంది కెజీయా. "అప్పుడు ఎవరు అడిగారయ్యా సూది?"

"అప్పుడిది వీధి," అన్నాడు లెవెట్ తల దించుకుని. "ఆ పెట్టెల్లో ఒకదాని వెనక నేను కూడా నడిచాను కెజీయా. కానీ ఇప్పుడు వీధి లేదు, ఇది పచ్చిక. నా నౌకరీ నాది."

పైన గంట ఆగిపోయింది. పాదిరిగారు ఎదురుచూసి విసిగినట్టున్నారు. ఆ నిశ్శబ్దంలో కెజీయా కిందికి చూసింది. పెట్టె మూత మీద వాననీళ్లు మడుగు కట్టాయి. చెక్క సందుల్లోంచి నీళ్లు లోపలికి ఇంకుతున్నాయి. గడ్డిలోంచి బురద పెట్టె అంచుల దాకా ఎక్కింది. రెండు చలికాలాలు ఇదే కందకంలో, ఇలాగే తడిసి, దగ్గు తెచ్చుకున్న మనిషి. పోయేటప్పుడైనా నెమ్మదిగా పోనివ్వమని అడిగిన మనిషి. అతన్ని తీసుకొచ్చి మళ్లీ అదే గొయ్యి ఒడ్డున, అదే వానలో పడుకోబెట్టింది తను. ఆమెకు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. సూది ఇచ్చి అతన్ని గేటు దాటిద్దామా అనుకుంది. చెయ్యి శాలువా దాకా వెళ్లింది కూడా. లెవెట్ అరచెయ్యి చాపాడు. ఆ చాపిన చెయ్యి చూసేసరికి ఆమె చెయ్యి కిందికి దిగింది.

"ఎత్తండి," అంది సైలస్‌తో. "కొండ బాటన పోదాం. అతనడిగింది అదే."

మోసేవాళ్లు బూతులు దిగమింగుకున్నారు. వెనక్కి దిగి, బండ్ల బాట పట్టి, కొండ చుట్టి, చర్చి వెనక వాకిలికి చేరేసరికి అందరి బూట్లలోనూ నీళ్లే. ఏటవాలులో సైలస్ కాలు జారితే కెజీయా తన భుజం పెట్టింది, ఆ పైన తీయమన్నా తీయలేదు. పాదిరిగారు గబగబా చదివేశారు. పిల్లల పక్కనే మట్టి పడింది. ఊరంతా ఏడ్చింది, ఆమెకు ఏడుపు రాలేదు.

జనం వచ్చిన దారినే మళ్లారు. ఇంటి దగ్గర సైలస్ బీరూ, జున్నూ, రొట్టెలూ పెట్టించాడు. కెజీయా వాళ్లతో వెళ్లలేదు. చర్చి ముందు వాకిలి తీసుకుని, పాత వీధిలోకి దిగి, తిన్నగా కిందికి నడిచింది. ఆలోచించి చేసింది కాదు, కాళ్లు అటు పోయాయి. పచ్చిక మధ్య నుంచి, పెద్దింటి కిటికీలన్నిటి ముందు నుంచి, నల్ల పావడా తడిసి కాళ్లకు చుట్టుకుంటుండగా, లోపలివైపు నుంచి గేటు దగ్గరికొచ్చింది. లెవెట్ ఇంకా అక్కడే ఉన్నాడు. జనం మళ్లీ ఏ మూల నుంచైనా వస్తారేమోనని కాపలా ఉన్నాడు. అతను బయటివైపే చూస్తున్నాడు.

"గేటు తీయి," అంది వెనక నుంచి.

అతను ఉలిక్కిపడ్డాడు. "నువ్వు... ఎటు నుంచి వచ్చావు?"

"చర్చి నుంచి. ఇంటికి పోతున్నాను. పోనివ్వనంటావా?"

"వచ్చిన దారినే పో కెజీయా. ఇక్కడ సూది లేనిదే..."

"లోపలికి వెళ్లడానికి కదా నీ సూది. నేను వెళ్లట్లేదు, వస్తున్నాను. పోనీ తీయొద్దు. గోడ దిగి గొయ్యిలోంచి పోతాను. తడిగా ఉంది, పడతాను, మెడ విరుగుతుంది. అప్పుడు నన్ను ఇక్కడి నుంచే ఎత్తుకెళ్లాలి. శవాన్ని. నేనైతే నీకు సూది ఇవ్వలేను, చచ్చి ఉంటాను కాబట్టి." ఆమె నిజంగానే గోడ అంచున కూర్చుని ఒక కాలు కిందికి వేలాడేసింది.

శవం లోపలి నుంచి బయటికి పోతే ఏమవుతుందో లెవెట్ అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు. గబగబా తాళం తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం కెజీయా దుప్పట్లు ఆరేసి కొండ బాటన వెళ్లింది. మొగుడు లేని ఇంట్లో వంట తగ్గింది, సగం రోజు మిగులుతోంది. సమాధుల దగ్గర కలుపు పీకి, పాత వీధిన దిగి గేటు ముందు నిలబడింది. లెవెట్‌ను పిలిపించాల్సి వచ్చింది. ఆ మర్నాడూ అంతే, దాని మర్నాడూ అంతే. గేటు తీయడం ఆలస్యమైతే గోడ అంచున కాలు వేలాడేసేది. ఆదివారం ప్రూ, సైలస్, వాళ్ల వెనక ఊరు ఊరంతా అదే పట్టారు. వెళ్లడం కొండ చుట్టి, రావడం వీధి వెంట. భోజనం చల్లారిపోతుంటే లెవెట్ గేటు పట్టుకుని నిలబడి, చివరి ముసలమ్మ దాటేదాకా చూడాల్సొచ్చేది.

"ఆకలేస్తోందా దివానుగారూ?" అని ఒకరి తర్వాత ఒకరు పరామర్శించేవారు.

పెర్‌ఫిట్ ఎప్పుడో తన డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. సర్ గైల్స్ వేట కాలమంతా ఊళ్లో లేడు. లెవెట్‌ ఒక్కడే మిగిలాడు, తాళంచెవితో, కెజీయాతో. ఆ చలికాలం అతను సగమైపోయాడు. కొన్నాళ్లు తాళంచెవిని తాళానికే ఉంచేసి వెళ్లేవాడు. తర్వాత తాళాన్ని ఊరికే తగిలించేవాడు. గడ్డి మళ్లీ పచ్చబడే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె కిందికి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తాళం లేదు, మనిషి లేడు. గేటు కొట్టుకోకుండా ఎవరో ఒక రాయి అడ్డం పెట్టి వెళ్లారు.

కెజీయా వంతెన దాటి బయటికొచ్చింది. అటూ ఇటూ చూసింది. గొర్రెలు తప్ప ఎవరూ లేరు. పోట్లాడ్డానికి సిద్ధం చేసుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. కొంచెంసేపు తచ్చాడి, గిరుక్కున వెనక్కి తిరిగి, మళ్లీ వంతెన మీదుగా లోపలికి నడిచింది. అడ్డుకునేవాళ్లు లేరు. వీధి ఎక్కుతుంటే కాళ్లు వేగం పుంజుకున్నాయి, చివర్లో దాదాపు పరుగెత్తింది. ఇందాకే కలుపు పీకిన చోటికి ఇంతలోనే మళ్లీ వచ్చి చేరింది.

అక్కడ చేసే పనేమీ మిగల్లేదు. పీకడానికి గడ్డిపోచ లేదు. రూబెన్ మీది మట్టి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, వానకు ఒక పక్క జారింది. ఆ జారిన మట్టిని రెండు చేతులా పైకి తోస్తుంటే, ఇన్ని నెలలూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. ఆపుకోవాలని చూడలేదు.

"దారి వచ్చిందయ్యా," అంది. "సూది ఇవ్వలేదు. నిన్ను కర్రగా పట్టుకోకుండానే వచ్చింది." ముక్కు చీదుకుంది. మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ రోజు అంతసేపు వానలో పడుకోబెట్టాను," అంది. "చలేసిందా?"